తుప్పు విడిచిన హీటర్ పెట్టె

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే సిద్దిపేటలో బండికి హీటర్ ఏం పని అనిపిస్తుంది. పాత జీపుల్లో అక్కడక్కడా కనిపించే ఆ రేకు పెట్టెను ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం అదే. నీళ్లు కారితే గొట్టాలు పీకి, రెండు కొసలనూ ఒకదానికొకటి తగిలించి వదిలేస్తారు. ఇక డాష్‌బోర్డు కింద దాన్ని తుప్పు తింటూ పోతుంది. రాజీవ్ రహదారి పక్కన ఒక టింకరింగ్ షెడ్డులో అలాంటి పెట్టెను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం దగ్గరుండి చూశాను. దాని గురించే ఈ పరిచయం.

హీటర్‌ను చిన్న రేడియేటర్ అనుకోవచ్చు. ఇంజను చుట్టూ తిరిగి 80, 90 డిగ్రీల దాకా కాగిన నీళ్లలో కొంత భాగం ఒక గొట్టం గుండా పెట్టెలోని కోర్‌కు చేరుతుంది. కోర్ అంటే ఇత్తడి గొట్టాల వరుస, వాటి మధ్య పలుచటి రాగి రెక్కలు. వెనక నుంచి బ్లోవర్ ఫ్యాను గాలి తోస్తే, రెక్కల సందుల్లోంచి వెళ్లిన గాలి వేడెక్కి బయటికి వస్తుంది. ఆ గాలి కాళ్ల వైపు పోవాలా, అద్దం వైపు పోవాలా అన్నది లోపలి రేకు తలుపులు తేలుస్తాయి. డాష్‌బోర్డు మీద మీట జరిపితే కేబుల్ ఆ తలుపును తిప్పుతుంది. ఇంజను ఎలాగూ పారబోసే వేడే కాబట్టి ఫ్యానుకు తప్ప వేరే ఖర్చు లేదు. బయటి గాలిని వడగట్టి, ఇలా వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటును అమెరికాలో నాష్ కంపెనీ 1938లోనే తన కార్లలో పెట్టింది.

మన దగ్గర కూడా దీనికి రెండు పనులున్నాయి. వానాకాలంలో లోపలి తేమ ముందు అద్దానికి మసకలా పట్టినప్పుడు, వెచ్చటి గాలి తగిలితే అద్దం వేడెక్కి మసక విడిపోతుంది. రెండోది, బరువుతో ఎత్తు ఎక్కుతూ ఇంజను మరీ వేడెక్కుతుంటే హీటర్‌ను పూర్తిగా తిప్పాలి. కోర్ రెండో రేడియేటర్‌గా మారి కొంత వేడిని లాగేస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకు చెమటలు పట్టినా బండి షెడ్డు దాకా చేరుతుంది.

పెట్టె చెడడానికి మూలం చాలాసార్లు వేపచెట్టే. నీడ కోసం దాని కింద బండి ఆపుతాం. ముందు అద్దం కింద గాలి వచ్చే జాలీలోంచి ఆకులు లోపలికి జారి, నీళ్లు పోయే సన్నని రబ్బరు గొట్టాన్ని మూసేస్తాయి. అడుగున నీళ్లు నిలుస్తాయి. గాలి తప్పిపోకుండా అంటించిన ఫోమ్ ఆ తడిని పీల్చుకుని నెలల తరబడి రేకుకు ఆనించి ఉంచుతుంది. రెండు రేకులు కలిసే అతుకు సందులోకి నీళ్లు చేరితే ఇంకా కష్టం. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టి, లోపల ఉబ్బి ఆ అతుకునే విడదీస్తుంది.

మేస్త్రీ ముందు కేబుళ్ల కొసలకు రంగు దారాలు కట్టాడు. ఏది ఏ తలుపుదో మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. బిగుసుకున్న స్క్రూలకు నూనె పెట్టి నానబెట్టాడు. ఫోమ్ గీకేశాడు. అడుగు రేకును వేళ్లతో నొక్కి, సన్నని సుత్తెతో తడుతూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. "జంగు పైన కనవడ్డంతనే కాదు సార్, లోపట శానా ఉంటది" అంటూ, పైకి బాగానే ఉన్న రేకును కూడా సుద్దముక్కతో అంగుళం అవతలి దాకా గీశాడు.

కోతకు ముందే అతుకు ముక్క తయారైంది. 20 గేజ్ రేకు, అంటే మిల్లీమీటరు లోపు మందం. మూలలు గుండ్రంగా కత్తిరించాడు, ఎందుకంటే కోసు మూల దగ్గర వెల్డింగ్ పగులుతుంది. ముక్కను ఆనించి గీత గీసి, ఆ గీతకే పెట్టెను కోశాడు. వెల్డింగ్ వరుసగా లాగలేదు. ఇక్కడొక చుక్క, ఎదుటి అంచున ఒక చుక్క, మధ్యలో చల్లారే విరామం. ఒకేచోట వేడి పెరిగితే పలుచటి రేకు వంకర తిరిగి, దాని మీద తలుపు కూర్చోదు.

తీగ బ్రష్షు చేరని గుంటల్లో మిగిలిన తుప్పుకు టానిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూశాడు. ఎర్రటి తుప్పు కాసేపట్లో నల్లబడింది. కరక్కాయలో ముంచిన బట్ట మీద ఇనుము నానిన బెల్లంనీళ్లు తగిలితే కలంకారీ నలుపు వచ్చేది కూడా ఈ రసాయన చర్యతోనే. టానిన్ ఇనుముతో కలిసి నీటికి కరగని నల్లటి పొరగా మారుతుంది. ఆరాక దాని మీద ప్రైమర్, పైన రెండు పూతలు నల్ల రంగు. అతుకుల సందుల్లో సీలర్ నింపాడు.

కోర్‌ది వేరే పరీక్ష. ఒక గొట్టం మూసి, రెండోదానికి సైకిల్ పంపు తగిలించి, నీళ్ల తొట్టిలో ముంచి కొద్దిగా గాలి కొట్టాడు. బుడగ వచ్చిన చోట గుర్తు పెట్టి, ఆరబెట్టి, శుభ్రం చేసి టంకం వేశాడు. వంగిన రాగి రెక్కలను ఒక్కొక్కటిగా నిలబెట్టాడు, వాటి సందులు మూసుకుపోతే గాలి ఆడదు మరి. మోటారు బుష్‌లకు చుక్క నూనె, అరిగిన బ్రష్‌లకు కొత్తవి.

చివరికి కొత్త ఫోమ్ అంటించి, పెట్టె మూసి, ఫ్యాను తిప్పి అతుకుల వెంట వెలిగించిన అగరుబత్తి నడిపాడు. ఎక్కడైనా గాలి తప్పుతుంటే పొగ చెదురుతుంది. ఒకచోట చెదిరింది. స్క్రూలు విప్పి, ఆ అంగుళం ఫోమ్ మార్చి, మళ్లీ బిగించాడు. కంటికి కనిపించని ఆ సందును వదిలేసినా అడిగేవాళ్లు లేరు. ఈ పనిలో పనితనం అంతా అక్కడే ఉంది.

పాత బండి ఉన్నవాళ్లకు ఒక మాట. వానలకు ముందు అద్దం కింది జాలీలో ఆకులు తీసి, ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. ఆ నీళ్లు బండి కింద నేల మీద పడితే సరే. పడకపోతే పెట్టెలో నిలుస్తున్నట్టే, వెంటనే గొట్టం శుభ్రం చేయించండి.