జోడీ లేనిదే సాహసం లేదు

చందమామ సీరియళ్లను పెద్దయ్యాక చాలామంది బాల్యం మీది బెంగతో తిరగేస్తారు. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన నాకు ఆ బెంగ తక్కువే. బాల్యమంటే సైరను కూత, ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి కూడా. నేను మళ్లీ చదివేది దాసరి సుబ్రహ్మణ్యం పనితనం కోసం.

ఆయన 1952లో చందమామలో చేరి అర్ధశతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 1954లో మొదలైన ‘తోకచుక్క’తో కలిపి డజను సీరియళ్లు రాశారు. వాటి మీద ఆయన పేరుండేది కాదు. పిల్లలుగా మా చూపంతా చిత్రకారుడు ‘చిత్రా’ వేసిన మాంత్రికుల మీద, కోరల మీద.

ఇప్పుడు ‘పాతాళదుర్గం’ తెరిస్తే ముందు కంటబడేది ధూమక సోమకుల జోడీ. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. వీటిలో ఒంటరి వీరుడితో ఈ రచయితకు పనిలేదు. ఖడ్గవర్మ కత్తికి తొందరెక్కువ, జీవదత్తుడికి ఆలోచన ఎక్కువ. కథంతా వాళ్ల మాటల మీదే నడుస్తుంది.

మా బాపుకు ఈ జోడీ కిటుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బొగ్గుబాయిలో కోల్ ఫిల్లర్. టబ్బు నింపేటప్పుడు చెయ్యి బొగ్గు మీద ఉన్నా, చెవి పైకప్పు మీదుండాలి. కప్పును తట్టి చూస్తే బోలుగా మోగిందా, పక్కకు తప్పుకోవాల్సిందే. జోడీదారు నిదానస్తుడైతే ఇంట్లో అమ్మకు సగం భయం తగ్గేది. తొందరగాడైతే బాపు కంటే ముందు అమ్మే తిట్టేది.

ఒకటి మాత్రం ఇప్పుడు మింగుడుపడదు. ఆ సీరియళ్లలో అడవి మనుషులు చాలాసార్లు మోటువాళ్లు, నరబలులిచ్చేవాళ్లు. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే గోండు, కోలాం గూడేలు. అక్కడి పిల్లాడి చేతిలో ఆ పేజీలు పెట్టాలంటే నాకు చెయ్యాడదు.

రాత్రికి ఒక భాగమే చదువుతాను. నెలనెలా ఆపడానికి రాసిన కథ అది. ఏకబిగిన చదివితే మలుపులన్నీ ఒకేలా తోస్తాయి.

బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మా మేనల్లుడు డంపర్ నడుపుతాడు, క్యాబిన్‌లో ఒక్కడే. వాడికి ‘పాతాళదుర్గం’ ఇచ్చాను. “మామా, గీ ఇద్దరు గింత ముచ్చట పెడ్తరేందే?” అని ఫోన్ చేశాడు. చదవడం మాత్రం ఆపలేదట.