సత్తు పిడికి పెద్ద పీట

మన సీమలో సత్తు, అంటే అల్యూమినియం, చవక సరుకు. కూలి ఇంటి అన్నం తపేలా, పాలవాడి క్యాను, హోటలు వెనక నల్లబడ్డ డేగిసా. అందుకే గోరంట్ల బజారులో ఎవరి చేతికైనా అల్యూమినియం పిడి ఉన్న మడత చాకు ఇచ్చి ఇది మేలురకం అంటే, మంచి కొయ్య దొరకలేదా అని అడుగుతారు. అడగడంలో న్యాయముంది. కానీ పనితనం తోడైతే ఈ లోహం మొదటి వరుసలో కూర్చుంటుందని నా గట్టి నమ్మకం. స్విట్జర్లాండులోని ఇబాక్‌లో విక్టోరినాక్స్ వాళ్లు చేసే పయనీర్ చాకే అందుకు సాక్ష్యం.

మడిస్తే 93 మిల్లీమీటర్లు. దీనికి దగ్గరి చుట్టమైన చాకును స్విస్ సైన్యం 1961 నుంచి 2008 దాకా సిపాయిలకిచ్చింది. పిడికి రెండు వైపులా పలుచని అల్యూమినియం పలకలు, వాటి మీద అచ్చు ఒత్తి లేపిన చిన్న చిన్న గళ్లు. అలంకారంలా కనిపించే ఆ గళ్లే చెమట చేతికి పట్టునిస్తాయి. బొటనవేలితో నిమిరి చూడండి, ఎక్కడా గరుకు తగలదు. అయినా చాకు జారదు. ఈ రెండూ ఒకేచోట కుదరడం తేలిక కాదు. పలకలు పలుచన కాబట్టి బ్లేడు, డబ్బా ఓపెనరు, సీసా ఓపెనరు, బెజ్జం వేసే మొన, అన్నీ ఉన్నా జేబులో బరువనిపించదు. ఉక్కు బరువులో మూడో వంతే ఈ లోహం.

అసలు విద్య పైపొరలో ఉంది. పలకను ఆమ్లపు తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. బయటినుంచి పూసేదేమీ లేదు, లోహమే తన పైభాగాన్ని ఆక్సైడుగా మార్చుకుంటుంది. కెంపులోనూ నీలంలోనూ ఉండే పదార్థం అదే. ఆ పొరలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. రంగు కావాలంటే వాటిలోకి ఇంకించి, తర్వాత వేడినీళ్లతో మూసేస్తారు. వెంట్రుక మందంలో సగం కూడా ఉండని ఈ పొర మెత్తని లోహానికి రాయిలాంటి చర్మాన్నిస్తుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని మన మెట్టలో కొయ్య పిడి ఎండకు కుంచించుకుపోతుంది, రివెట్ల దగ్గర చీలుతుంది. అల్యూమినియానికి ఆ బాధ లేదు. రాయి మీద పడితే సొట్ట పడుతుందేమో గానీ పగలదు. డ్రిప్ పైపు కోయడానికి, ఎరువు బస్తా కుట్టు విప్పడానికి ఇంతకన్నా నమ్మకమైన పిడి అక్కర్లేదు. చీనీ అంటు కట్టడానికి మాత్రం ఒకవైపే నూరిన కత్తి వేరే ఉండాలి, ఇది ఆ పనికి కాదు.

లోపాలూ ఉన్నాయి. కొయ్యకన్నా దాదాపు వెయ్యి రెట్లు వేడిని మోసే లోహమిది. మే నెల ఎండలో గట్టు మీద వదిలేస్తే ముట్టుకోలేం. తాళం చెవులతో రాసుకుంటే అంచుల దగ్గర రంగు పోయి తెల్లలోహం బయటపడుతుంది. పిడినే చీల్చి స్ప్రింగులా వంచి బ్లేడుకు తాళం వేసే పద్ధతిలో టైటానియందే పైచేయి. అల్యూమినియం అక్కడ త్వరగా అరుగుతుంది. అందుకే తెలిసిన పనివాళ్లు రాపిడి తగిలే చోట ఉక్కు ముక్క పెడతారు. అమెరికాలో మైక్రోటెక్, ప్రోటెక్ సంస్థలు 6061 రకం అల్యూమినియాన్ని మిల్లింగు చేసి పిడులు చెక్కుతాయి. ఆ చాకులకు పలికే ధర లోహానిది కాదు. యంత్రం మీద గడిచిన సమయానిది, కీలు దగ్గర వెంట్రుకవాసి కూడా తేడా రానివ్వని కొలతది.

టైటానియం కాదు కాబట్టి ఇది రెండో రకమనే మాటను నేను ఒప్పుకోను. పోతపోసి పైన రంగు కొట్టిన నాసిరకం పిడిని చూసి మొత్తం లోహాన్ని తోసిపుచ్చడం అన్యాయం.

కొనేటప్పుడు అంచులు చూడండి. రంగు వేసినదైతే మూలల్లో మందంగా పేరుకుని పెచ్చులూడుతుంది. మంచిదానిలో ప్రతి గీతా స్ఫుటంగా ఉంటుంది. బ్లేడు మూసినప్పుడు రెండు పలకలకూ సరిగ్గా నడుమ పడాలి. ఆకువక్క అలవాటున్నవాళ్లు సున్నం డబ్బీని మాత్రం వేరే జేబులో పెట్టుకోండి. సున్నం తగిలితే ఆ ఆక్సైడు పొరను తినేస్తుంది.