ద్విచక్రయాత్రా గ్రంథములు – స్వావలంబన విచారము

సేవకులు గాని, వెంబడించు బండి గాని లేక, తనకుఁ గావలసిన వస్తువులనెల్ల తన బైసికిలుపైననే కట్టికొని దేశమును దాఁటిపోవుటను స్వావలంబన యాత్ర యనవచ్చును. ఇట్టి యాత్రలను గుఱించిన గ్రంథములు ఆంగ్లభాషలోఁ బెక్కు గలవు. వానిని బొగడువారు సామాన్యముగా దూరమును లెక్కించి, అపాయములను లెక్కించి, కర్త ధైర్యమును మెచ్చికొని విడుతురు. ధైర్యము యాత్రికుని గుణము; గ్రంథగుణము కాదు. దుర్బలమైన వచనము వ్రాసిన ధీరులు లోకమున నెందఱో గలరు. ఈ గ్రంథములకు వేఱొక కొలత కావలయునని నా తలంపు. అది యెట్టిదో రెండు ప్రసిద్ధగ్రంథముల మూలమునఁ బరిశీలింతము.

మొదటిది టామస్ స్టీవెన్స్ రచించిన "ఎరౌండ్ ది వరల్డ్ ఆన్ ఎ బైసికిల్". ఇది 1887, 1888 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడినది. ఇంగ్లండున జన్మించి అమెరికాకు వలసపోయిన యీతఁడు 1884వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేఱి, ఆగస్టు 4వ తేదీని తూర్పుతీరమున బోస్టను నగరమును జేరెను. దూరము సుమారు 3,700 మైళ్లు. ఆతని వాహనము మన మెఱిఁగిన బైసికిలు కాదు. ముందుచక్రము 50 అంగుళముల యెత్తు. వెనుకచక్రము మిక్కిలి చిన్నది. చక్రముల రబ్బరులో గాలి యుండదు. పెద్దఱాయి యడ్డుపడినచో నెక్కినవాఁడు తలక్రిందుగాఁ బడవలసినదే. సామాను మాట యందమా, మేజోళ్లు, మాఱుచొక్కా యొకటి, పగలు వానకోటుగను రాత్రి గుడారముగను పక్కగను నుపకరించు వస్త్ర మొకటి, రివాల్వ రొకటి. అంతియే. బాట లేనిచోట్ల నాతఁడు బండిని నెట్టుకొనుచు రైలుపట్టాల వెంట నడచెను. మొత్తము దారిలో మూఁడవవంతు నడకయే యని యెంచుదురు.

సియెరా నెవాడా పర్వతములలో రైలుదారిని మంచు గప్పకుండఁ గొయ్యకప్పులు వేసియుండిరి. ఆ చీఁకటిమార్గములలో మైళ్లకొలఁది నడచుచు, రైలు వచ్చు చప్పుడు విని గోడ కంటుకొని నిలిచిన ఘట్టము చదువఁదగినది. భయమును వర్ణింపక శబ్దమును, పొగను, చీఁకటిని మాత్రము వర్ణించి భయమును మనకు విడిచెను. ఒంటరిగా నున్నప్పు డాతని వచన మింత బలముగా నడచును.

మనుష్యులు కనఁబడఁగానే యది చెడును. ఒక చొక్కాతో బయలుదేఱినవాఁడు నిజముగా స్వావలంబియా? వంటపాత్ర లేదు, ధాన్యము లేదు. రైలుదారి బాగుచేయు పనివాండ్ర బసలు, పసులమందల యజమానుల యిండ్లు, పల్లెల పూఁటకూటియిండ్లు, ఇవి యాతని కాధారములు. బండిమీఁది బరువు తగ్గినకొలఁది పరుల ఋణము పెరుగుచుండును. దీనికి సాక్ష్యములు గ్రంథమునఁ దఱుచుగాఁ గన్పట్టుచున్నను కర్త దాని నెఱిఁగినట్లు తోఁపదు. ఆతఁడు సియెరాలోను నెవాడాలోను నడచిన యా రైలుదారిని వేసినవారిలో వేలకొలఁది చీనా కూలివాండ్రు గలరు. ఆ దారి 1869లో ముగిసినది. పదునైదేండ్లకుఁ బిమ్మట దానిపై బైసికిలు నెట్టుకొని పోవుచు నాతఁడు చీనావారిని, ఆదిమజాతులవారిని దఱుచుగాఁ బరిహాసమునకే యుపయోగించెను. కాలమట్టిదని సమాధానము చెప్పవచ్చును. కాని నా యాక్షేపము నీతివిషయమే కాదు, శిల్పవిషయము కూడ. పరిహాసమున ముంచిన మనిషి పుటమీఁద రూపు గట్టఁడు. కావున గ్రంథములో జంతువులును కొండలును సజీవములై, మనుష్యులు బొమ్మలై పోయిరి.

ఇచ్చట మన యేనుఁగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర తలంపునకు రాక మానదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన వీరు 1830 మే 18వ తేదీని బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మరలి వచ్చిరి. పల్లకియు, పరివారమును గలిపి నూఱుమంది కన్నఁ దక్కువ లేని ప్రయాణము! స్వావలంబన మను మాటయే యిందుఁ బొసఁగదు. అయినను ఏ యూర నంగళ్లున్నవి, నీ రెచ్చట మంచిది, దిగుట కేది యనుకూలము అను విషయములను వీరు వెనుకవచ్చువారి కొఱకు లేఖలలోఁ బొందుపఱచిరి. ఆ లేఖలే మిత్రులైన కోమలేశ్వరపుర శ్రీనివాసపిళ్లగారి మూలమున గ్రంథమై, 1838లో నచ్చుపడెను. నూఱుమందితోఁ బోయినవారు దారిని గూర్చి వ్రాసిరి. ఒంటరిగాఁ బోయిన స్టీవెన్స్ పలుమాఱు తన్ను గూర్చియే వ్రాసికొనెను. ఇది విపరీతముగాఁ దోఁచును గాని, తన యాధారములను లెక్కపెట్టు నలవాటు పరివారము గలవానికే హెచ్చుగా నుండునేమో!

రెండవది డెర్వ్లా మర్ఫీగారి "ఫుల్ టిల్ట్". ఐర్లండులోని లిస్మోరు ఈమె యూరు. పదవ జన్మదినమున నొక పాతబైసికిలును, దేశపటముల పుస్తకమును బహుమతిగాఁ బొంది, కొలఁది దినములకే హిందూదేశమునకుఁ బోవ నిశ్చయించెను. పదునాల్గవ యేఁట బడి మాని, రోగపీడితయైన తల్లికి శుశ్రూష చేయుచు, 1962లోఁ దల్లి మరణించువఱకు వేచియుండెను. 1963 జనవరిలో బయలుదేఱి, యూగోస్లేవియా, టర్కీ, పర్షియా, ఆఫ్గనిస్థానము, పాకిస్థానముల మీఁదుగా నా వేసవిలోనే ఢిల్లీ చేరెను. గ్రంథము 1965లోఁ బ్రకటితమైనది. కర్త్రి 2022లో స్వర్గస్థురా లయ్యెను.

ఈమె తన బైసికిలునకు డాన్ క్విక్సోటు గుఱ్ఱము పేరిఁటి యంశముతో "రోజ్" అని పేరిడి, చెడిపోవు భాగములు తక్కువగా నుండవలెనని మూఁడు వేగముల గేరును బీఁకించెను. మాఱుటైర్లను మాత్రము దారిలోని బ్రిటిషు రాయబార కార్యాలయములకు టపాలో ముందుగాఁ బంపెను. ఇది యామెయే చెప్పికొన్నది, దాఁచలేదు. ప్రతిరాత్రి వ్రాసిన దినచర్యను పిమ్మట పెద్దగా మార్పక యచ్చువేయించుటచే, ఏ పూఁట నెవ రన్నము పెట్టిరి, ఏ రాత్రి నెవరి యింటఁ బరుండెను అనునది వాక్యవాక్యమునను నిలిచినది. తీర్చిదిద్దినచో నీ వివరములే మొదట రాలిపోయెడివి. పిస్తోలు పేల్చిన ఘట్టము లున్నవి, అవియే పలువురు చెప్పికొందురు. నాకు ముఖ్యముగాఁ దోఁచినది వేఱు. ఆఫ్గనిస్థానమున నొక బస్సులో ఛార్జీని గూర్చి పుట్టిన కలహమున తుపాకిమడమ తగిలి యామె ప్రక్కటెముకలు విఱిగినవి. ఆ దేశముపై నామె ప్రేమ దానిచేఁ దగ్గలేదు, దెబ్బను గూర్చి యెక్కువ వ్రాయనులేదు.

లోపము లేకపోలేదు. ఒక్కొక్కచో నొక జాతి నంతటిని నొక్క వాక్యమునఁ దూఁచి వేయును. ఆఫ్గనులకు స్తుతి, మఱికొందఱికిఁ గఠినోక్తి. స్టీవెన్స్ పరిహాసముచే మనుష్యులను జదునుచేయఁగా, ఈమె కొన్నియెడల స్తుతిచే నాపనియే చేసినది. అయినను టీ పోసిన చేతిని, చోటిచ్చిన గుమ్మమును మఱచిపోక పుటలోని కెక్కించుటచే, ఆ సామాన్యవాక్యముల క్రిందనుండి యా మనుష్యులు మరల తలలెత్తి కనఁబడుచుందురు.