తెలుగు డెస్క్‌టాప్ భాష: ఎంపిక, వాడుక – బోధన్, రెంజల్ ప్రాంత పలుకుబడి నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను తెలుగులో వాడుకునే వీలు రెండు దశాబ్దాలుగా ఉంది. అయినా కంప్యూటర్‌లో తెలుగును ఎంచుకున్నవారిలో చాలామంది కొద్దిరోజులకే తిరిగి ఇంగ్లీషు తెరకు మారుతుంటారు. దీనికి సాంకేతిక లోపాలు కొంత కారణమైతే, అనువాద భాష మరికొంత కారణం. తెలుగు డెస్క్‌టాప్‌లలో కనిపించే పదావళిని, వాక్యనిర్మాణాన్ని, టైపు పద్ధతులను నిజామాబాదు జిల్లా బోధన్, రెంజల్ ప్రాంతపు వాడుకభాష వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిపాలనలోనూ వృత్తుల్లోనూ ఇప్పటికే నలిగిన మాటలను తీసుకున్నచోట అనువాదం నిలిచిందని, నిఘంటువు నుంచి కొత్త సమాసాలను తెచ్చినచోట తడబడిందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లినక్స్, స్థానికీకరణ, పదావళి, ఉర్దూ పదాలు, మాండలికం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా సదుపాయం, కొత్త తరం ప్రాసెసర్ తప్పనిసరి. పాత కంప్యూటర్లలో చాలావాటికి ఈ అర్హత లేదు. పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పెట్టడమా, లేక లినక్స్ మింట్, ఉబుంటు, డెబియన్ వంటి వ్యవస్థల్లో ఒకదాన్ని ఎంచుకోవడమా అన్న ప్రశ్న ఇప్పుడు నగరాల్లోని సాంకేతిక నిపుణులకే పరిమితం కాదు. మండల కేంద్రంలోని జిరాక్స్ దుకాణానికీ, ప్రభుత్వ పాఠశాలకూ, పరిశోధక విద్యార్థికీ అదే ప్రశ్న ఎదురవుతోంది.

లినక్స్ కెర్నల్ మొదటి రూపం, యూనికోడ్ ప్రమాణం తొలి సంచిక రెండూ 1991లోనే వెలువడ్డాయి. ఆ తొలి సంచికలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే, పరిశీలించి మార్చుకునే, ఇతరులకు పంచే, మార్చినదాన్ని కూడా పంచే నాలుగు స్వేచ్ఛలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పునాది. మార్చుకునే స్వేచ్ఛలో తెర మీది భాషను మార్చుకునే స్వేచ్ఛ కూడా ఉంది. హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ తెలుగు లినక్స్ ప్రయత్నం ఈ అవకాశం నుంచి పుట్టిందే. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అనువాదాలు స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో సాగాయి. జీతం లేకుండా, గుర్తింపు ఆశించకుండా వేల వాక్యాలను తెలుగు చేసినవారి కృషి గౌరవించదగినది. ఆ కృషిని భాషాదృష్టితో విమర్శించడం దాన్ని తగ్గించడానికి కాదు, అది వాడుకలోకి ఎందుకు పూర్తిగా రాలేదో తెలుసుకోవడానికి.

2. బోధన్, రెంజల్ ప్రాంత భాషా నేపథ్యం:

రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరిలో మంజీర, హరిద్ర నదులు కలుస్తాయి. నది దాటితే మహారాష్ట్ర. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే సీమ ఇది. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో బోధన్ పక్కన వెలసిన బస్తీ పేరు శక్కర్‌నగర్. ఈ పేరులోనే ఒక భాషాపాఠం ఉంది. సంస్కృతంలోని ‘శర్కర’ ప్రాకృతం మీదుగా తెలుగులో ‘చక్కెర’ అయింది. అదే మాట పారశీకానికి వెళ్ళి, ఉర్దూ దారిలో ‘శక్కర్’గా తిరిగివచ్చింది. బోధన్ ప్రాంతంలో చెరకు రైతుకు మూడింటిలో రెండు రూపాలు రోజూ నోట నానేవే. మూడవదైన ‘శర్కర’ను మాత్రం పుస్తకంలోనో, ప్రసాదం విషయంలోనో చూస్తాడు.

తెలుగు డెస్క్‌టాప్‌లోని మాటలను కూడా ఇలాగే వర్గీకరించవచ్చు. కొన్ని అచ్చతెలుగు మాటలు, కొన్ని ఉర్దూ, పారశీక మార్గంలో వచ్చిన కచేరీ మాటలు, కొన్ని సంస్కృత సమాసాలు. వీటిలో ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు అన్నదే విమర్శకు అసలు ప్రశ్న.

3. పదాల ఎంపిక:

తెలుగు తెరల మీద ‘ఫైల్’కు వాడిన ‘దస్త్రం’ అన్న మాటను చాలామంది కృతకమైన అనువాదంగా భావిస్తారు. నిజానికి అది పారశీక, ఉర్దూ మార్గంలో తెలుగు పరిపాలనలోకి వచ్చి స్థిరపడిన మాట. ఖాతా, జాబితా, రద్దు, నకలు, దాఖలు, చిరునామా మొదలైనవన్నీ ఆ కోవలోవే. నిజాం రాజ్యంలోని రెవెన్యూ వ్యవస్థ ఈ మాటలను పల్లెదాకా తెచ్చింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం ఈనాటికీ తహసీలు కార్యాలయానికి వెళ్ళే రైతుకు ‘నకలు’ అర్థం చెప్పనక్కరలేదు. కంప్యూటర్ తెర మీద ‘ఖాతా’, ‘జాబితా’, ‘రద్దు’ అన్న మాటలు కనిపిస్తే ఎవరూ ఆగి ఆలోచించరు. కంప్యూటర్ ప్రధానంగా కాగితాలతో, లెక్కలతో, అనుమతులతో పనిచేసే యంత్రం. కచేరీ చేసే పనీ అదే. అందువల్ల కచేరీ మాటలు దానికి సహజంగా ఒదిగాయి.

అయితే మాట సరైనదైనా దాని నిర్మాణం సరికాకపోవచ్చు. ‘కాపీ’కి గ్నోమ్ అనువాదంలో ‘నకలించు’ అన్న రూపం కనిపిస్తుంది. ‘నకలు’ వాడుకలో ఉన్నదే, కాని వాడుకలో ‘నకలు తీయడం’ ఉంది, ‘నకలించడం’ లేదు. దబాయించు, సతాయించు వంటి క్రియలు ఉర్దూ ధాతువుల నుంచి ప్రజల నోటిలో రూపొందాయి. ‘నకలించు’ రాతబల్ల మీద తయారయింది. ‘నకలు తీయి’ అని ఉంటే ఆ మాట మరింత తేలికగా నాటుకునేది.

అచ్చతెలుగు మాటల్లో ‘చెత్తబుట్ట’, ‘కత్తిరించు’, ‘అతికించు’ సార్థకమైనవి. వీటికి చేతిపని తెలుసు. పనికిరాని కాగితాన్ని బుట్టలో వేయడం, కావలసిన భాగాన్ని కత్తిరించి మరోచోట అతికించడం ఎవరికైనా కళ్ళకు కడతాయి. బొమ్మకూ మాటకూ పొంతన కుదిరిన చోట్లు ఇవి.

చిక్కు మూడో వర్గంతో వస్తుంది. ఫోల్డర్‌ను ‘సంచయం’ అనడంలో సంస్కృతార్థం తప్పు కాదు. కాని ‘సంచయం’ అంటే పోగు, సమూహం. కాగితాలను ఉంచే సంచి లేదా అట్ట అన్న చిత్రం దానిలో లేదు. ‘ఇన్‌స్టాల్’కు ‘స్థాపించు’ అనడం ఇంకా చర్చనీయం. తెలుగులో రాజ్యాలను, సంస్థలను, పాఠశాలలను స్థాపిస్తారు. కంప్యూటర్‌లోకి సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ‘ఎక్కిస్తారు’. ఊళ్ళలోని కంప్యూటర్ దుకాణాల్లో ‘సిస్టం ఎక్కియ్యాలె’ అనే మాట సర్వసాధారణం. బండికి చెరకు ఎక్కించే ప్రాంతంలో ఈ క్రియకు ఉన్న బలం ‘స్థాపించు’కు రాదు. తెలుగు వికీపీడియా అప్‌లోడ్‌కు ‘ఎక్కింపు’ను స్వీకరించడం ఈ విషయంలో మెచ్చదగిన నిర్ణయం.

కంప్యూటర్ దగ్గర తెలుగువారు నిజంగా మాట్లాడే భాషను గమనిస్తే మరో విషయం తేలుతుంది. ‘ఎంటర్ కొట్టు’, ‘ప్రింట్ తియ్యి’, ‘ఫోల్డర్ల వెయ్యి’ అన్న వాక్యాల్లో నామవాచకం ఇంగ్లీషు, క్రియ తెలుగు. అనువాదకులు తలకిందులుగా నామవాచకాలకు తెలుగు వెతకడంలో శక్తినంతా పెట్టి, క్రియలను నిఘంటువు నుంచి తెచ్చారు. ప్రజలు తమంతట తాము తెలుగు చేసుకున్న భాగం క్రియ. స్థానికీకరణ మొదలు కావలసిన చోటు కూడా అదే.

4. వాక్యనిర్మాణం:

గ్నూ, లినక్స్ వ్యవస్థల్లో తెరభాషకు సాధారణంగా వాడే సాధనం గెట్‌టెక్స్ట్. మూలవాక్యాలు ఒక పక్క, అనువాదాలు మరో పక్క ఉండే పీవో ఫైళ్ళలో అనువాదకులు పనిచేస్తారు. అనువాదం లేని వాక్యం వస్తే తెర మీద ఇంగ్లీషు మూలమే కనిపిస్తుంది. దీని ఫలితంగా ఒకే కిటికీలో పై వరుస తెలుగులో, కింది హెచ్చరిక ఇంగ్లీషులో ఉండటం తరచు జరుగుతుంది. కొత్త సంచిక వెలువడిన ప్రతిసారీ కొత్త వాక్యాలు చేరుతాయి కనుక, నిరంతర శ్రద్ధ లేకపోతే తెలుగు భాగం తరుగుతూ పోతుంది.

పీవో ఫైలులో మరో సమస్య ఖాళీ గడి. ‘ఫలానా దానిలో చోటు లేదు’ అన్న వాక్యంలో ‘ఫలానా’ స్థానంలో ఏ పేరు వస్తుందో అనువాదకుడికి తెలియదు. తెలుగులో విభక్తి చేరేముందు నామవాచకం రూపం మారుతుంది. ఇల్లు ‘ఇంటిలో’ అవుతుంది, ఊరు ‘ఊరిలో’ అవుతుంది. యంత్రం మాత్రం ‘ఇల్లు లో’ అని విడగొట్టి రాస్తుంది. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి అనువాదాల్లో ‘యొక్క’ విపరీతంగా పెరిగింది. వ్యవహారంలో వినిపించని ఆ ప్రత్యయం తెర నిండా పరచుకోవడం వల్ల వాక్యం పరాయిదిగా తోస్తుంది. దీనికి తెలుగులోనే సులువైన పరిష్కారం ఉంది. ‘ఇల్లు అనే ఫోల్డర్‌లో చోటు లేదు’ అంటే విభక్తి తెలిసిన పదానికి చేరుతుంది, ఖాళీ గడిలో ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు.

క్రియారూపం మరొక సమస్య. ఇంగ్లీషు ‘ఓపెన్’ ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పదు. తెలుగు క్రియ చెప్పక తప్పదు. ‘తెరువు’ అంటే మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ. ‘తెరవండి’ అంటే యంత్రం మనిషికి చేసే మనవి. ఒకే కిటికీలో ఈ రెండూ కలగలిస్తే వక్త ఎవరో తెలియక చదువరి తికమకపడతాడు. మీటల మీద ‘తెరువు’, ‘రద్దుచేయి’ అన్న రూపాలు, వాడుకరితో నేరుగా మాట్లాడే సందేశాల్లో ‘మీరు’, ‘చేయండి’ అన్న రూపాలు ఉండాలన్న నియమం పెట్టుకుంటే ఈ అయోమయం తొలగుతుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని సంబోధనలో మర్యాద తప్పితే వాక్యమే చెడిందని భావించే సమాజంలో ఇది చిన్నది కాదు.

5. రాత, ఖతి, పాత పాఠాలు:

తెర భాష ఎంత చక్కగా ఉన్నా, రాయవలసినది రాయలేకపోతే ఎవరూ వ్యవస్థను మార్చరు. తెలుగు ప్రాంతాల్లోని డీటీపీ రంగం దీర్ఘకాలం అను ఖతులు, పేజ్‌మేకర్ జంట మీద నడిచింది. ఆ ఖతులు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకృతులను నిలిపాయి. ఖతి లేని కంప్యూటర్‌లో ఆ పాఠం అర్థంలేని రోమన్ గుర్తులుగా కనిపిస్తుంది. పెండ్లి పత్రికల నుంచి పరిశోధన గ్రంథాల వరకు వేల పుటలు ఈ రూపంలోనే భద్రమై ఉన్నాయి. తెలుగు పరిశోధకుడు విండోస్‌ను వదలలేకపోవడానికి అలవాటు ఒక కారణమైతే, తన పాత పాఠం చెరలో ఉండటం అంతకన్నా పెద్ద కారణం.

సాధనాల కొరత ఇప్పుడు మునుపటంత లేదు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ మొదలైన పద్ధతుల్లో తెలుగు టైపు చేయవచ్చు. డీటీపీలో యాపిల్ కీబోర్డుకు అలవాటుపడిన వేళ్ళకు మళ్ళీ ఓనమాలు దిద్దే పని లేదు. పోతన 2000, వేమన 2000, లోహిత్ వంటి పాత ఖతులతో పాటు గిడుగు, సురవరం, మండలి పేర్లతో వచ్చిన స్వేచ్ఛా ఖతులూ ఉన్నాయి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, తెలంగాణ తెలుగుకు గొంతునిచ్చిన సురవరం ప్రతాపరెడ్డి అక్షరాకృతుల పేర్లుగా ఒకే జాబితాలో నిలిచారు. పుటల కూర్పుకు వాడే స్క్రైబస్ స్థిర సంచిక 2024 జనవరిలో వచ్చిన 1.6తో మాత్రమే తెలుగు వంటి లిపుల సంయుక్తాక్షరాలను సరిగా చూపగలిగింది. డీటీపీ రంగం అంతకాలం ఎదురుచూడకపోవడంలో తప్పు పట్టవలసినదేమీ లేదు.

6. ముగింపు:

అనువాద పదావళి కోసం కొత్త మాటలు సృష్టించడానికి ముందు ఉన్న మాటలను సేకరించే పద్ధతి తెలుగుకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల్లో తిరిగి వృత్తిదారుల నుంచే సేకరించింది. రైతును నిపుణుడిగా గుర్తించడం ఆ కోశం గొప్పదనం. కంప్యూటర్ ఇప్పుడు ఒక వృత్తి పనిముట్టు. డీటీపీ కేంద్రాల్లో, మీసేవ కేంద్రాల్లో, మరమ్మతు దుకాణాల్లో పనిచేసేవారు దాని వృత్తిదారులు. వారి మాటలను అదే పద్ధతిలో సేకరించే పని ఇంకా మిగిలే ఉంది.

దీని అర్థం ప్రతి జిల్లాకు వేరే డెస్క్‌టాప్ కావాలని కాదు. ‘ఎక్కించు’, ‘నకలు తీయి’, ‘రద్దు’ వంటి మాటలు ఏ ప్రాంతం నుంచి వచ్చినా తెలుగువారందరికీ తెలుస్తాయి. కావలసింది ఎంపికకు ఆధారం మారడం. నిఘంటువుకు ముందు నోటిమాట, నామవాచకానికి ముందు క్రియ, సమాసానికి ముందు వాక్యం అన్న క్రమం పాటిస్తే చాలు. పీవో ఫైలును సరిదిద్దడానికి ప్రోగ్రామింగ్ తెలియనక్కరలేదు, తెలుగు బాగా తెలియాలి. ఆ అర్హత విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఉంది. ఎం.ఎ. స్థాయి లఘు పరిశోధనగా ఒక ప్రోగ్రాము అనువాదాన్ని పరిశీలించి సవరించడం సాధ్యమైన పని. ఆ సవరణను అనువాద బృందం ఆమోదిస్తే అది గ్రంథాలయంలో మిగిలిపోకుండా తరువాతి సంచికతో వాడుకరుల తెర మీదికి చేరుతుంది.

ఓపెన్ సోర్స్ లైసెన్సు తెలుగువారికి హక్కునిచ్చింది. చేతిలో పాత కంప్యూటర్, నోట తెలుగు ఉన్న రెంజల్ విద్యార్థికి ఆ హక్కు ఉపయోగపడాలంటే, తెర మీద కనిపించే మాట అతడు ముందే విన్న మాట అయి ఉండాలి.