ప్రసార చరిత్ర సంరక్షణము : చిక్కబళ్ళాపుర సీమ తెలుగు శ్రోతలు

తెలుగు ప్రసార చరిత్రను గూర్చి ఇటీవలి కాలమున వెలువడిన సమాచారములో అధికభాగము గ్రంథములయందుకంటె వెబ్‌సైట్లయందే కానవచ్చుచున్నది. పాత రేడియో నాటికల ధ్వనిముద్రణములు, కళాకారుల పరిచయములు, ఆకాశవాణి కేంద్రముల స్థాపన వివరములు, కార్యక్రమ పత్రికల ప్రతులు అందు చేరియున్నవి. వీనిలో పెక్కు అభిమానులు స్వచ్ఛందముగా సమకూర్చినవి. ఆ శ్రమ ప్రశంసనీయము. అయినను ఆ చరిత్ర ఎవరిది, అది ఎవరికి అందుచున్నది, ఎంతకాలము నిలుచును అను మూడు ప్రశ్నలను విమర్శకుడు వేయక తప్పదు. ఈ మూడింటికిని ఒరగల్లుగా నిలువదగిన సీమ యొకటి కర్ణాటక రాష్ట్రమున నున్నది. అది చిక్కబళ్ళాపురము జిల్లా. అందును ముఖ్యముగా బాగేపల్లి, చింతామణి తాలూకాలు.

ఈ జిల్లా 2007లో కోలారు జిల్లా నుండి విడివడి ఏర్పడినది. బెంగుళూరు నుండి హైదరాబాదునకు పోవు రాజమార్గమున రాష్ట్రపు సరిహద్దునకు చేరువలో బాగేపల్లి యున్నది. సరిహద్దు దాటినచో హిందూపురము, గోరంట్ల ప్రాంతము వచ్చును. చింతామణి వైపు మదనపల్లె సీమతో సంబంధము లెక్కువ. ఈ తాలూకాలలో అనేక కుటుంబములకు ఇంటిభాష తెలుగు. బడిలోను కచ్చేరిలోను వ్యవహరించునది కన్నడము. తెలుగును ధారాళముగా మాటాడుచు, తెలుగు లిపిని చదువలేనివారు ఇచ్చట కొల్లలుగా నున్నారు. ఇది నేటి మాట కాదు. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణుడు, అనగా కైవారము తాతయ్య, తెలుగునందును కన్నడమునందును కీర్తనలు రచించెను. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో అచ్చువేసికొని భజన చేయు సంప్రదాయము నేటికిని అచ్చట నడచుచున్నది. కన్నడము కంటిలోను, తెలుగు చెవిలోను ఉండుట ఈ సీమ లక్షణము.

ఇట్టివారికి అచ్చయిన తెలుగు సాహిత్యము మూసిన తలుపు వంటిది. పత్రిక, నవల, పద్యకావ్యము ఇవి యన్నియు లిపిజ్ఞానమును కోరును. రేడియో దానిని కోరలేదు. కావున ఇతర ప్రాంతములలో రేడియో సాహిత్యమునకు అనుబంధముగా నుండగా, ఇచ్చట అది అనేకులకు సాహిత్యమునకు ప్రధానద్వారమయ్యెను. ఈ భేదమును గుర్తింపని ప్రసార చరిత్ర ఎంత విపులమైనను అసంపూర్ణమే.

ప్రసారకేంద్రముల క్రమమును చూచినచో ఈ సీమ స్థితి మరింత స్పష్టమగును. 1935లో ఆచార్య ఎం. వి. గోపాలస్వామి మైసూరులో ఆకాశవాణి అను పేరుతో ప్రసారము ప్రారంభించెను. నాడు ఈ తాలూకాలు మైసూరు సంస్థానములోనివే. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఏర్పడినవి. నిజాము కాలపు హైదరాబాదు కేంద్రము 1950లో ఆకాశవాణిలో చేరినది. మైసూరు కేంద్రము 1955లో బెంగుళూరునకు తరలినది. కడప కేంద్రము 1963లో ఆరంభమైనది. పాలనచేత ఈ సీమ మైసూరు, బెంగుళూరులకు చెందినది. భాషచేత అది మద్రాసు, విజయవాడ, హైదరాబాదు, కడపల వైపు చెవియొగ్గినది.

తరంగములకు రాష్ట్రపు సరిహద్దు లేదు. పగటివేళ మీడియం వేవ్ ప్రసారము నేలను అంటి సాగును. దగ్గరి కేంద్రములే చక్కగా వినవచ్చును. సూర్యాస్తమయము పిమ్మట వాతావరణపు పైపొరలలో తరంగములను పీల్చివేయు పొర సన్నగిల్లును. అప్పుడు దూరకేంద్రముల తరంగములు ఆకాశమునుండి పరావర్తనము చెంది వందల మైళ్ళ దూరము చేరును. మీడియం వేవ్ మీద బెంగుళూరు కేంద్రము 612, హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900 కిలోహెర్ట్‌జులయందు వినిపించెడివి. అనగా రేడియో ముల్లును బెంగుళూరు నుండి కడపకు త్రిప్పు శ్రోత త్రోవలో హైదరాబాదును, విజయవాడను దాటిపోవలసినదే. భూపటము మీద నాలుగు దిక్కుల నున్న ఊళ్ళు ఆ చిన్న గాజుపలక మీద ఒకే వరుసలో నిలిచినవి. సరిహద్దు తెలుగువాని సాహిత్యభూగోళము ఆ గాజుపలకయే.

ఇక మొదటి ప్రశ్న: ఉన్న చరిత్ర ఎవరిది? తెలుగు ప్రసార చరిత్ర నేటివరకు ప్రధానముగా కేంద్రముల చరిత్రగాను, ప్రసారకుల చరిత్రగాను వ్రాయబడినది. రేవూరు అనంతపద్మనాభరావుగారి ‘ప్రసార ప్రముఖులు’ ఈ మార్గమున ఉపయుక్తమైన గ్రంథము. దాని పేరే దాని పరిధిని చెప్పుచున్నది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు కేంద్రమున చేరుట, 1947లో స్వాతంత్ర్యము వచ్చిన వేళ ఆయన రచించి స్వరపరచిన గేయమును టంగుటూరి సూర్యకుమారి గానము చేయుట, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా బాలలకు ఆత్మీయులగుట తెలిసిన విషయములే. ఎవరు వ్రాసిరో, ఎవరు పాడిరో చరిత్ర చెప్పును. ఏ ఊరిలో ఎవరు వినిరో అది చెప్పదు. ప్రసారమనగా పలుకుట మాత్రమే కాదు, వినుట కూడ. వినువాడు లేని ప్రసారము గాలిలో కలిసిన శబ్దము.

సరిహద్దు శ్రోతకు ఈ లోపము రెట్టింపయినది. కర్ణాటక ప్రసార చరిత్ర మైసూరుతో మొదలై కన్నడ కార్యక్రమముల వెంట నడచును. తెలుగు ప్రసార చరిత్ర మద్రాసుతో మొదలై విజయవాడ, హైదరాబాదుల వెంట నడచును. చిక్కబళ్ళాపురమున కూర్చుండి విజయవాడను వినిన శ్రోత ఈ రెండింటిలో దేనికిని చెందడు. శ్రోతలు ఆధారములు విడువరు గదా అని చరిత్రకారులు ఆక్షేపింపవచ్చును. అది పూర్తిగా నిజము కాదు. 1980ల నడుమ వరకు రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున లైసెన్సు పుస్తకము తీసికొని రుసుము చెల్లింపవలసి యుండెడిది. ఆ చిన్న పుస్తకములు పాతపెట్టెలలో దొరకవచ్చును. ఏ ఇంట ఏ యేట రేడియో వచ్చెనో వానివలన తెలియును. కేంద్రములకు వ్రాసిన జాబులు, వానికి వచ్చిన ప్రత్యుత్తరములు, పంచాయతీ రేడియోల జ్ఞాపకములు కూడ ఆధారములే. అన్నింటికంటె ముఖ్యమైన ఆధారము వృద్ధుల నోట నున్నది.

ఇచ్చట మరియొక సంగతి దాచరాదు. రేడియో తెలుగు ఈ సీమవారి తెలుగు కాదు. నాటికలయందును ప్రసంగములయందును వినిపించిన శిష్టభాషకు కోస్తా జిల్లాల పలుకుబడి ఎక్కువ. బాగేపల్లి మాటతీరు అందు వినిపించుట అరుదు. ఆ భాష వీరికి ఆదర్శముగా తోచెనా, పరాయిదిగా తోచెనా, తమ పలుకుపట్ల సంకోచమును కలిగించెనా అను విషయము విచారింపదగినది. ప్రసారకుల జీవితచరిత్రలు ఎన్ని చదివినను దీనికి సమాధానము లభింపదు. వినినవారే చెప్పవలెను.

రెండవ ప్రశ్న: భద్రపరచినది ఎవరికి అందుచున్నది? 1998లో అమెరికాలోని తెలుగువారు స్థాపించిన ‘ఈమాట’ వెబ్ పత్రిక పాత రేడియో నాటికలను, ప్రసంగములను ధ్వనిరూపమున ప్రకటించి గొప్ప సేవ చేసినది. ప్రసారభారతి కూడ తన భాండాగారమునుండి సంగీత, సాహిత్య ధ్వనిముద్రణములను వెలువరించినది. ఇవి వినుటకు లిపి అక్కరలేదు. కాని వెదకుటకు లిపి కావలెను. నాటిక పేరు, రచయిత పేరు, పాత్రధారుల పట్టిక తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో ఉన్నంతవరకు, కన్నడ లిపి మాత్రమే తెలిసిన తెలుగువానికి ఆ నిధి దారి తెలియని నిధియే. చెవికొరకు పుట్టిన కళను కంటిద్వారమున బంధించుట ఇందలి వైచిత్రి.

లిపిని నేర్చుకొనుటే తగిన మార్గమని కొంద రందురు. ఆ కోరిక మంచిదే. కాని పిల్లలు లిపిని నేర్చువరకు పెద్దల జ్ఞాపకము వేచియుండదు. తెలుగు శబ్దమునకు కన్నడ లిపిలో సూచిక కూర్చినచో తెలుగునకు లోటు కలుగునను భయమును అనవసరము. కైవారము తాతయ్య కీర్తనలు కన్నడ లిపిలో చేరియు తెలుగుగానే నిలిచినవి. దూరదర్శన చరిత్రలోను ఇట్టి సూచన యొకటి గలదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహముద్వారా బోధన ప్రసారము చేసిన ‘సైట్’ ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు చేరినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు రెండును అందుండెను. ఆ ఉపగ్రహము ఒక దృశ్యముతోపాటు రెండు శబ్దమార్గములను పంపగల శక్తి గలది. ఒకే బొమ్మకు రెండు భాషల మాట అమర్చు వీలు ఏబదియేండ్ల క్రిందటనే కలిగియుండగా, ఒకే శబ్దమునకు రెండు లిపుల సూచిక అమర్చుట నేడు అసాధ్యమేమియు కాదు.

మూడవ ప్రశ్న: అది ఎంతకాలము నిలుచును? వెబ్‌సైటులో చేరినది శాశ్వతమను భ్రమ ప్రబలముగా నున్నది. 2009లో యాహూ సంస్థ ‘జియోసిటీస్’ను మూసివేసినప్పుడు సామాన్యులు నిర్మించిన లక్షలాది పుటలు ఒక్కమారుగా తొలగిపోయినవి, స్వచ్ఛంద సేవకులు కొంతభాగమును మాత్రము కాపాడగలిగిరి. 2013లో ఉండిన వెబ్ పుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రము 2024లో ప్రకటించినది. పాత పుటలను దాచు ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ సంస్థ సహితము 2024 అక్టోబరులో దుండగుల దాడికి లోనై కొన్నిదినములు మూతపడినది. ఒక వ్యక్తి సొంత ధనముతో నడపు వెబ్‌సైటు ఆయన ఏటేట చెల్లించు రుసుముపై ఆధారపడియుండును. ఆ చెల్లింపు ఆగిననాడు పుట ఆగును.

తెలుగునకు మరియొక ప్రత్యేకమైన ఆపద గలదు. యూనికోడ్ వ్యాపింపకముందు అనేక తెలుగు వెబ్‌సైట్లు తమ తమ సొంత ఫాంట్లతో నడచినవి. ఆ ఫాంటు లేనిచో అక్షరములు అర్థము లేని గుర్తులుగా కనబడును. అట్టి పుటను దాచినను చదువుటకు వీలుండదు. కావున పుటను దాచుటతో సరిపోదు. దానిని యూనికోడ్ లోనికి మార్చి దాచవలెను.

మూలధ్వని స్థితియు ఇట్టిదే. తొలినాళ్ళ ప్రసారములలో పెక్కు ప్రత్యక్షముగా సాగి, ముద్రణ లేక పోయినవి. ముద్రితమైన టేపులను చెరిపి మరల వాడుట నాటి ప్రసారసంస్థల వాడుక; ఆర్థికబలము గల బి.బి.సి. కూడ 1960, 1970 దశకములలో తన కార్యక్రమములను ఎన్నింటినో అట్లే చెరిపివైచినది. టేపులను వినిపించు యంత్రములు 2025 ప్రాంతమునకే అపురూపమగునని యునెస్కో, ధ్వనిదృశ్య భాండాగారముల అంతర్జాతీయ సంఘము కలిసి ముందుగా హెచ్చరించినవి. ఆ గడువు గడచిపోయినది. హక్కుల చట్టము మరియొక అడ్డు. ప్రసారముపై ప్రసారసంస్థకు గల హక్కు భారతచట్టము ప్రకారము 25 ఏండ్లు. ధ్వనిముద్రణముపై హక్కు 60 ఏండ్లు. రచనపై హక్కు రచయిత మరణించిన పిమ్మట 60 ఏండ్లు. ఒకే నాటికపై మూడు గడువులుండుటచేత దానిని ప్రకటించుటకు అభిమానులు జంకుట సహజము. ప్రకటించుట వేరు, భద్రపరచుట వేరు. ప్రకటించుటకు అనుమతి వచ్చువరకు వస్తువు నిలిచియుండవలెను గదా!

ఈ విమర్శ ఫలితముగా కొన్ని కర్తవ్యములు తేలుచున్నవి. మొదటిది: చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణులలోని వృద్ధ శ్రోతల మాటలను వారి సొంత పలుకుబడిలోనే ధ్వనిముద్రణము చేయవలెను. రెండవది: ఇండ్లలోని టేపులను, లైసెన్సు పుస్తకములను, కార్యక్రమ పత్రిక ‘వాణి’ పాతప్రతులను వెదకి, తేదీ, కేంద్రము, వినిన ఊరు వ్రాసి పట్టిక కూర్చవలెను. మూడవది: ఆ పట్టిక తెలుగు, కన్నడ లిపులు రెండింటను ఉండవలెను. నాలుగవది: ప్రతి ముద్రణమునకు కనీసము మూడు ప్రతులు వేర్వేరు ఊళ్ళలో ఉంచి, ఇప్పటికే వెలువడిన వెబ్‌సైట్ల పుటలను కూడ వానితో చేర్చి దాచవలెను. ఇందులకు గొప్ప భవనములు అక్కరలేదు. ఒక తెలుగు సంఘము, ఒక కళాశాల, కొందరు విద్యార్థులు చాలుదురు.

ఈ పనులలో మొదటిదియే ముందుగా జరుగవలెను. టేపు పాడగుటకు కొంత వ్యవధి యుండవచ్చును. వెబ్ పుటకు మరియొకచోట ప్రతి దొరకవచ్చును. తెలుగు లిపి ఎరుగక తెలుగు సాహిత్యమును చెవితో చదివిన తరమునకు మాత్రము రెండవ ప్రతి లేదు.