పద్యనాటక గ్రామఫోను రికార్డుల కాలనిర్ణయం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు రంగస్థల పరిశోధనలో గ్రామఫోను రికార్డులను ఆధారాలుగా స్వీకరించడం పెరిగింది. అయితే రికార్డు ముద్రితమైన కాలం, విడుదలైన కాలం, మళ్లీ అచ్చయిన కాలం అనే మూడింటిని విడదీయకుండా ఒకే తేదీ కింద చూపడం వల్ల పద్యగాన చరిత్రకు సంబంధించిన నిర్ణయాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. జాజ్ రికార్డుల సూచీకర్తలు ఏర్పరచిన పద్ధతి వెలుగులో, జంగారెడ్డిగూడెం, ఏలూరు, కొల్లేటి ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: గ్రామఫోను ప్లేటు, పద్యనాటకం, కాలనిర్ణయం, మాట్రిక్స్ సంఖ్య, పునర్ముద్రణ, జాజ్ సూచీలు.

1. ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్య పరిష్కరణలో ప్రతి పరిశోధకుడికీ తెలిసిన సూత్రం ఒకటి ఉంది. తాళపత్ర ప్రతి చివర లేఖకుడు వేసిన సంవత్సరం ఆ ప్రతిని రాసిన కాలాన్ని చెబుతుంది. కవి కావ్యాన్ని రచించిన కాలాన్ని చెప్పదు. లేఖకుని కాలాన్ని కవికి అంటగట్టిన సిద్ధాంతగ్రంథాన్ని ఏ పరీక్షకుడూ అంగీకరించడు. అదే విచక్షణ గ్రామఫోను రికార్డు దగ్గరకు వచ్చేసరికి సడలిపోవడం ఆశ్చర్యకరం. “1930ల నాటి రికార్డు” అన్న ఒక్క మాటతో పరిశోధకుడు ముందుకు సాగిపోతాడు. ఆ దశాబ్దం నటుడు పాడిన కాలమా, ప్లేటు అంగడికి వచ్చిన కాలమా, చేతిలో ఉన్న ప్రతి అచ్చయిన కాలమా అన్న ప్రశ్న తలెత్తదు.

ఈ ప్రశ్న కేవలం సేకర్తల సరదాకు సంబంధించినది కాదు. ఒక పద్యాన్ని ఒక రాగంలో మొదట పాడినవారు ఎవరు, ఎవరి బాణీని ఎవరు అనుసరించారు, రంగస్థలం మీద రాగవిస్తారం ఎప్పుడు పెరిగింది అన్న నిర్ణయాలన్నీ పూర్వాపరాల మీదనే నిలుస్తాయి. పూర్వాపరం తప్పితే గురువు శిష్యుడవుతాడు, శిష్యుడు గురువవుతాడు.

2. ప్లేటు చెప్పేది, చెప్పనిది

సాధారణమైన 78 వేగపు ప్లేటు మీద ముద్రణ తేదీ ఉండదు. ఊరి పేరు కూడా అరుదు. కాగితపు లేబులు మీద కంపెనీ గుర్తు, విక్రయ సంఖ్య, కళాకారుని పేరు, నాటకం లేదా పాట పేరు ఉంటాయి. గాడులు ముగిసే చోటికీ లేబులుకూ మధ్య ఉన్న నున్నని భాగంలో మరొక సంఖ్య చెక్కి ఉంటుంది. అదే మాట్రిక్స్ సంఖ్య. విక్రయ సంఖ్య వ్యాపారానికి సంబంధించినది. మాట్రిక్స్ సంఖ్య ముద్రణకు సంబంధించినది. కళాకారుడు మైనపు పలక ముందు పాడిన క్రమంలో ఇంజనీరు వేసిన సంఖ్య గనుక కాలనిర్ణయానికి అదే దగ్గరి సాక్షి. ఒకే పద్యాన్ని రెండు మూడుసార్లు పాడించినప్పుడు ఎన్నవ ప్రయత్నం విడుదలైందో కూడా చాలాసార్లు ఈ సంఖ్య పక్కన సూచిస్తారు.

లేబులు అంత నమ్మదగిన సాక్షి కాదు. గ్రామఫోను కంపెనీ తొలినాళ్ల ప్లేట్ల మీద ఈకతో రాసే దేవదూత బొమ్మ ఉండేది. తరువాత యజమాని గొంతును వింటున్న కుక్క బొమ్మ వచ్చింది. పాత అచ్చుతో కొత్త లేబులు కింద ప్లేట్లు తీయడం కంపెనీలకు మామూలు వ్యవహారం. కాబట్టి లేబులు ఆ ప్రతి అచ్చయిన కాలానికి సాక్షి అవుతుంది గానీ పాడిన కాలానికి కాదు. పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1949 నాటి హిందీ చిత్రం ‘మహల్’లో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధ గీతం తొలి ప్లేటు మీద గాయని పేరుకు బదులు పాత్ర పేరైన ‘కామిని’ అని అచ్చయిన సంగతి తెలిసినదే. లేబులును మాత్రమే నమ్మిన పరిశోధకుడు లేని గాయనిని సృష్టించగలడు.

వినికిడి కూడా ఒక ఆధారమే. తొలి ముద్రణలు కొమ్ము ముందు నిలబడి పాడినవి. 1925లో పాశ్చాత్య దేశాల్లో వ్యాపారస్థాయిలో మొదలైన విద్యుత్ ముద్రణ ఆ దశాబ్దం ముగిసేలోపు మన దేశానికీ వచ్చింది. మైక్రోఫోను అందుకున్న మంద్రస్థాయిని, హార్మోనియం నిండుదనాన్ని కొమ్ము అందుకోలేదు. ఈ తేడాను గుర్తించిన చెవి తేదీ చెప్పలేకపోయినా ఎల్ల గీయగలదు.

కంపెనీ కార్యవిధానం తెలియడం మరో అవసరం. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ తదితరుల గానాన్ని ముద్రించినప్పుడు ఆ మైనపు పలకలు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి ప్లేట్లుగా తిరిగివచ్చాయి. పాట చివర గాయని తన పేరు తానే చెప్పుకోవడం దూరదేశపు కార్మికులు గుర్తుపట్టడానికి ఉపకరించింది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం ఏర్పడే వరకు పాడటానికీ అమ్మకానికీ మధ్య సముద్రం ఉంది. ఆ నెలల దూరాన్ని లెక్కలోకి తీసుకోని కాలనిర్ణయం అసంపూర్ణం.

3. జాజ్ సూచీకర్తల అనుభవం

ఈ విషయంలో అత్యంత శ్రమించినవారు జాజ్ సంగీత పరిశోధకులు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే వెలువరించిన సూచీ, తరువాత బ్రయాన్ రస్ట్ 1897 నుంచి 1942 వరకు గల జాజ్ రికార్డులకు కూర్చిన బృహత్ సూచీ ఈ రంగానికి పునాదులు. నేడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణం నిర్వహిస్తున్న అమెరికన్ చారిత్రక ధ్వనిముద్రణల సూచీ ఆ కృషికి కొనసాగింపు. జాజ్ ఆశువుగా పుట్టే సంగీతం కాబట్టి ఏ రోజు, ఏ బృందం, ఎన్నవ ప్రయత్నం అన్నవి అక్కడ అర్థంలో భాగాలు. మన అవధాన విద్యకు కాలం, సభ, పృచ్ఛకులు ఎంత ముఖ్యమో వారికి ఈ వివరాలు అంత ముఖ్యం.

రెండు ఉదాహరణలు చాలు. ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ విక్టర్ కంపెనీకి వాయించినది 1917 ఫిబ్రవరి 26న. ప్లేటు మరుసటి నెలలోనే విడుదలైంది. ఇక్కడ ముద్రణకూ విడుదలకూ దూరం స్వల్పం. హ్యారీ జేమ్స్ బృందంతో ఫ్రాంక్ సినాత్రా ‘ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్’ పాడినది 1939 ఆగస్టు 31న. తొలి విడుదలలో అది అంతగా అమ్ముడుపోలేదు. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం ముద్రణలను బహిష్కరించడంతో కంపెనీలు పాత అచ్చులను వెదికాయి. అదే గానం 1943లో సినాత్రా పేరును ప్రముఖంగా చూపుతూ మళ్లీ వచ్చి జనాదరణ పొందింది. 1943 నాటి లేబులును చూసి ఆ గొంతు 1943 నాటిదని తీర్మానిస్తే గాయకుని వికాసక్రమంలో నాలుగేళ్లు తప్పిపోతాయి.

4. తెలుగులో రెండు పాఠాలు

ఇటువంటి శోధనకు తెలుగులో పూర్వోదాహరణ లేకపోలేదు. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకం నుంచి పుస్తకానికి ప్రవహించింది. రెంటాల జయదేవ నాటి సెన్సారు వివరాలను, పత్రికా ప్రకటనలను పరిశీలించి చిత్రం 1932 జనవరి 22న సెన్సారు అయిందని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో విడుదలైందని నిరూపించారు. పదిమంది చెప్పిన తేదీ పది ఆధారాలు కాదని, ఒకే పొరపాటుకు పది ప్రతులు కావచ్చునని ఈ ఉదంతం నేర్పుతుంది.

రెండవది ఘంటసాల గానం చేసిన భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఆ రికార్డు ఆయన మరణానంతరం శ్రోతలకు చేరింది. కళాకారుని మరణ తేదీ ముద్రణకు చివరి ఎల్ల అవుతుంది గానీ విడుదలకు కాదు. సూచీలో ఒకే గడి ఉంటే ఈ రికార్డు దగ్గర ఏ తేదీ రాసినా సగం సత్యమే అవుతుంది.

తెలుగు రికార్డుల సేకరణలో వి.ఎ.కె. రంగారావు సాగించిన జీవితకాల కృషి, ‘ఈమాట’ అంతర్జాల పత్రికలో పరుచూరి శ్రీనివాస్ పాత ధ్వనిముద్రణలను పరిచయ వ్యాఖ్యలతో అందించిన తీరు గమనింపదగినవి. వ్యక్తుల శ్రద్ధ మీద నడిచిన ఈ పనిని విశ్వవిద్యాలయాలు తమ పరిశోధన పద్ధతిలో భాగం చేసుకోకపోవడం విమర్శకు గురికావలసిన అంశం.

5. పద్యగాన విశ్లేషణలో పొరపాట్లు

భీమవరం సమీపంలోని ఎండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా రచించిన పాండవ నాటకాలు ఈ ప్రాంతపు గ్రామాలలో తరతరాలుగా ఆడుతున్నవి. వాటి పద్యాల ప్లేట్లను ఆధారంగా చేసుకొని నటుల గానశైలిని వివరించేటప్పుడు రెండు పరిమితులను గుర్తించాలి.

మొదటిది నిడివి. పది అంగుళాల ప్లేటుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పద్యం చివర రాగాలాపన చిన్నదిగా వినిపిస్తే, అది నటుని సంయమనమా, గాడి ముగిసిపోయిన తొందరా అని అడగాలి. వన్స్‌మోర్‌లతో సాగే రంగస్థల గానాన్ని ప్లేటు నిడివితో కొలిచి “ఆ కాలంలో రాగవిస్తారం తక్కువ” అని తీర్మానించడం యంత్రపు పరిమితిని కళాకారుని లక్షణంగా పొరబడటమే.

రెండవది వేగం. తొలి ప్లేట్లన్నీ కచ్చితంగా 78 వేగంతో ముద్రితమైనవి కావు. నిమిషానికి 74 చుట్లతో ముద్రించిన ప్లేటును 78తో తిప్పితే శ్రుతి దాదాపు అరస్వరం పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది, నడక చురుకవుతుంది. వేగం పేర్కొనని డిజిటల్ ప్రతిని విని నటుని శ్రుతిని నిర్ధారించడం నిలవదు. ముద్రణ కాలం తెలిస్తే నాటి అలవాటును బట్టి వేగాన్ని ఊహించే వీలుంటుంది. అందువల్ల కాలనిర్ణయం విశ్లేషణకు అనుబంధం కాదు, ప్రవేశద్వారం.

6. ప్రాంతీయ పరిస్థితి

జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతం. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేల. ఒకే జిల్లాలోని ఈ రెండు నేలలు ప్లేటుకు రెండు విధాల శత్రువులు. లక్క ప్రధానంగా గల ఈ ప్లేటు ఎండవేడికి వంకర తిరుగుతుంది, చెమ్మకు బూజు పడుతుంది, చేయి జారితే ముక్కలవుతుంది. వరద నీరు తగిలితే మొదట పోయేది కాగితపు లేబులు. కానీ లక్కలో చెక్కిన మాట్రిక్స్ సంఖ్య మిగులుతుంది. లేబులు పోయిందని పారవేసిన ప్లేటు నిజానికి తన పుట్టుకను ఒంటి మీదనే మోస్తూ ఉంటుంది. ఈ చిన్న సంగతి తెలియక పాత ఇళ్ల అటకల మీది పెట్టెలు చెత్తలోకి పోతే పోయేది పాటలు మాత్రమే కాదు, వాటి వరుస కూడా. ఒక ప్లేటుకు తేదీ తెలియకపోయినా దాని సంఖ్యకు ముందు వెనుకల ఉన్న రెండు ప్లేట్ల తేదీలు తెలిస్తే, అవి అదే శ్రేణికి చెందినవైతే, నడిమి ప్లేటు కాలం దొరుకుతుంది. కాబట్టి పగిలిన ప్లేటు సంఖ్య కూడా విలువైనదే.

స్థానిక కళాశాలల తెలుగు శాఖలు ఈ పనికి అనువైనవి. క్షేత్రపర్యటనలో జానపద గేయాలు సేకరించే విద్యార్థి, ఇంటి యజమాని అనుమతితో ప్లేటు రెండు వైపుల లేబులును, చెక్కిన సంఖ్యను ఏటవాలు వెలుగులో ఫొటో తీయగలడు. ఆ సంఖ్యలను ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి వంటి పత్రికల పాత సంచికలలోని ప్రకటనలతో, కంపెనీల విక్రయ పట్టికలతో సరిచూడటం తరువాతి దశ.

7. విడుదల తేదీ, హక్కులు

విడుదల తేదీకి చట్టపరమైన ప్రయోజనమూ ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు, అది ప్రచురితమైన సంవత్సరానికి తరువాతి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1964 డిసెంబరులో విడుదలైన ప్లేటుకు 2024 చివరితో గడువు తీరుతుంది; 1965 జనవరిలో విడుదలైనదానికి 2025 చివరి వరకు ఉంటుంది. పాడిన రోజు ఒకటే అయినా విడుదల తేదీ లెక్కను మారుస్తుంది. రచనకు లెక్క వేరు. జంటకవుల నాటకాలకు చివరగా మరణించిన కవిని బట్టి గడువు లెక్కించాలి; చెళ్లపిళ్ల వారు 1950లో మరణించారు గనుక 2010 చివరితో అది ముగిసింది. ధ్వనిభాండాగారం ఏర్పరచదలచిన గ్రంథాలయానికి ఈ రెండు లెక్కలూ వేర్వేరుగా అవసరం.

8. ముగింపు

రికార్డును ఉదహరించే ప్రతి సిద్ధాంతవ్యాసంలో విక్రయ సంఖ్య, మాట్రిక్స్ సంఖ్య, ముద్రణ కాలం, తొలి విడుదల, పరిశీలించిన ప్రతి లక్షణం అనే అయిదు అంశాలు విడివిడిగా ఉండాలి. నిర్ధారితమైనదాన్ని నిర్ధారితమని, ఊహను ఊహ అని గుర్తించాలి. తెలియని గడిని ఖాళీగా వదలడం లోపం కాదు; ఊహించిన తేదీతో నింపడమే లోపం. ఖాళీ గడిని తరువాతి పరిశోధకుడు పూరించగలడు. తప్పు తేదీని మాత్రం అతడు ముందు చెరపవలసి ఉంటుంది. ఆలోగా అది పది వ్యాసాలలోకి పాకి ఉంటుంది. తాళపత్రం పట్ల మన పూర్వపరిష్కర్తలు చూపిన శ్రద్ధను లక్క పలకకూ చూపినప్పుడే, పద్యనాటకం వినిపించిన గొంతులకు వాటి కాలంలో వాటి స్థానం దక్కుతుంది.