నీటివాలు, గాలివాటం

కృష్ణా డెల్టాలో సైకిల్ తొక్కేవాడికి కొండ లేదు. ప్రకాశం బ్యారేజీ పూర్తిగా నిండినప్పుడు నీటిమట్టం సముద్రానికి 57 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణించి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా వంద కిలోమీటర్లకు పైమాటే. అంటే కిలోమీటరుకు జానెడు వాలు కూడా లేదన్నమాట. ఇంత చదును నేల మీద సైకిల్ తొక్కడానికి నేర్పేం కావాలి అనుకుంటారు కొత్తవాళ్లు. అవనిగడ్డ దాటి సముద్రపు గాలికి ఎదురెళ్లి నాలుగు కిలోమీటర్లు తొక్కాక ఆ మాట మళ్లీ అనరు.

ఐరోపాలో సైకిల్ యాత్రికులకు నదీలోయలంటే మోజు. ఫ్రాన్సులో లువార్ నది వెంట, కోటల మధ్య, ద్రాక్షతోటల పక్కగా దాదాపు 900 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. అక్కడ నది పల్లంలో పారుతుంది, తోటలు పైన వాలు మీద ఉంటాయి. కృష్ణా డెల్టాకు వస్తే ఈ బొమ్మ తలకిందులవుతుంది. డెల్టాలో నది వరదొచ్చినప్పుడల్లా తను మోసుకొచ్చిన ఒండ్రును ముందు ఒడ్డునే పోస్తుంది. ఒడ్డు మెరక అవుతుంది, నదికి దూరం జరిగేకొద్దీ నేల దిగిపోతుంది. అందుకే పంట కాలువలు మెరకలు పట్టుకుని పోతాయి, మురుగు కాలువలు రెండు మెరకల నడుమ పల్లంలో పారతాయి. ఇక్కడ మంచి దారి ఎంచుకోవడమంటే ఏది పంట కాలువో, ఏది మురుగు కాలువో తెలుసుకోవడమే. పంట కాలువ గట్టు ఎక్కితే చెట్టు నీడ, ఊరు, టీ బడ్డీ, మంచినీళ్లు, పంక్చర్ షాపు అన్నీ వరసగా తగులుతాయి. మురుగు కాలువ గట్టున పడితే తుమ్మచెట్లు, రొయ్యల చెరువులు, దూరాన ఏరేటర్ల హోరు. అక్కడ ట్యూబు పోతే మాత్రం నడక తప్పదు.

ఈ గట్లు సైకిళ్ల కోసం వేసినవి కావు గానీ, మనిషి కాలినడకన పోవడానికైతే వేసినవే. ఆర్థర్ కాటన్ ప్రణాళికతో, చార్లెస్ ఓర్ చేతుల మీదుగా విజయవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. అప్పుడు తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతోపాటు పడవలు నడపడానికీ పనికొచ్చాయి. అందుకే లాకులు కట్టారు. గాలి కలిసిరాకపోతే పడవవాళ్లు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవాళ్లు. డాన్యూబ్ నది పక్కన పాసావ్ నుంచి వియన్నా దాకా ఇవాళ సైకిళ్లు తిరిగే బాట కూడా ఒకప్పుడు గుర్రాలతో పడవలు లాగించిన దారే. పడవ లాగే దారికి ఎత్తుపల్లాలు ఉండకూడదు, నీటి అంచు వదలకూడదు, మలుపులు మెల్లగా తిరగాలి. సైకిల్‌కు కావలసినవీ ఇవే. అక్కడివాళ్లు డాన్యూబ్ దారిని ప్రపంచానికి చూపించి డబ్బు చేసుకున్నారు. మనం బందరు కాలువ గట్టును పొదలకూ ఆక్రమణలకూ వదిలేశాం.

ఈ గట్ల మీద సైకిల్ తొక్కే విద్యకు అసలు గురువులు హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్లు కాదు, పాలవాళ్లు, చేపలవాళ్లు, బొండాలవాళ్లు. లావు పుల్లలు, గట్టి కేరియర్, రెండు కాళ్ల స్టాండు ఉన్న నల్ల సైకిలే వాళ్ల పెట్టుబడి. పాలాయన క్యాన్లను కేరియర్‌కు అటొకటి ఇటొకటి తగిలిస్తాడు. బరువు ఎంత కిందికి దిగితే బండి అంత నిలకడ. నిండు క్యాను పేచీ పెట్టదు, సగం క్యానే లోపల ఊగి హ్యాండిల్‌ను లాగేస్తుంది. ఊగిన పాలు చిందకుండా మూతి దగ్గర గుప్పెడు గడ్డి కుక్కి మూత బిగిస్తారు. వెనక అంత బరువుంటే కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం కుదరదు. ఎడమ పెడల్ మీద కాలు పెట్టి, రెండు మూడు తోపులు తోసి, బండి కదిలాక కుడి కాలు ముందు నుంచి బారు దాటిస్తారు. పాత ట్యూబును పొడుగ్గా కోసిన పట్టీలే వాళ్ల తాళ్లు. అవి సాగుతాయి కనక గతుకుల్లోనూ కట్టు వదలదు. వేలు పోసి కొన్న సంచుల కన్నా ఆ రబ్బరు పట్టీ మీదే నాకు నమ్మకం.

ఇప్పుడా పాలాయనా చేపలాయనా చాలాచోట్ల మోపెడ్ ఎక్కేశారు. వాళ్లను తప్పు పట్టలేం. నలభై కిలోల గంప వెనక పెట్టుకుని ఎదురుగాలిలో తొక్కమని సరదాకి తొక్కేవాళ్లు చెప్పడం న్యాయం కాదు. అయితే వాళ్లతోపాటు ఒక లెక్క కూడా పోతోంది. గన్నవరం నుంచి శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లడం కథలా చెప్పుకుంటాం. కృష్ణా జిల్లా పల్లెల్లో అదేం వింత కాదు. పార్టీ కార్యకర్తా, పోస్టుమ్యానూ, బడిపంతులూ అందరూ గట్ల మీద సైకిళ్ల మీద తిరిగినవాళ్లే. ఏ తూము దగ్గర దారి కోసుకుపోయిందో, ఏ ఊరి చెరువులో నీళ్లు తాగొచ్చో వాళ్లకు తెలిసేది.

ఆ లెక్కలో ముఖ్యమైన భాగం గాలి. తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కి నేల కాగాక తిరగబడి, మధ్యాహ్నానికి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. ఎండాకాలం సాయంత్రాల్లో దక్షిణం నుంచి చల్లగా వచ్చే పైరగాలి ఇదే. కాబట్టి హంసలదీవికి చీకటితో బయల్దేరాలి. ఉదయం గాలి వీపు మీద ఉంటుంది. సంగమం దగ్గర పొద్దెక్కేదాకా ఉండి మధ్యాహ్నం దాటాక వెనక్కి తిరిగితే మళ్లీ వీపు మీదే. తొమ్మిదింటికి లేచి టిఫిన్ చేసి బయల్దేరినవాడికి పోయేటప్పుడు ఎదురుగాలి, ఎండ రెండూ కలిసొస్తాయి. బందరు నుంచి గుడివాడ ఉత్తరంగా ఉంది కనక ఆ దారిని మధ్యాహ్నం మీద పట్టాలి. అదే దారిలో గుడివాడ నుంచి బందరు రావాలంటే తెల్లారకముందే పెదన దాటాలి. గేర్లు ఎన్ని ఉన్నా ఈ వేళల ముందు దిగదుడుపే. ఈ నేలకు మూడు గేర్లు చాలు, అవీ గాలి కోసమే.

దారుల్లో నాకు ఎక్కువ ఇష్టమైంది కరకట్ట. విజయవాడ నుంచి యనమలకుదురు, తోట్లవల్లూరు, శ్రీకాకుళం మీదుగా అవనిగడ్డ దాకా నది ఎడమ ఒడ్డున పోతుంది. కట్ట మీద పోతుంటే కుడిచేతి వైపు లంకలు, వాటిలో అరటి, పసుపు, కంద. ఎడమచేతి వైపు వరి. కట్టకు అటు లంక పంట, ఇటు డెల్టా పంట ఇంత దగ్గరగా పక్కపక్కన చూపించే దారి ఇంకోటి నాకు తెలియదు. ద్రాక్ష పందిళ్లు ఇక్కడ వెతక్కండి. తీగ చూడాలనుంటే తమలపాకు తోటల్లో చూడొచ్చు. అవిసె చెట్లకు ఎగబాకిన తీగల మధ్య మిట్టమధ్యాహ్నం కూడా చెమ్మగా, చల్లగా ఉంటుంది. అడిగితే లోపలికి రానిస్తారు. చెప్పులు విప్పి వెళ్లాలి, అది మర్యాద. శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి దగ్గర ఆగడం అందరికీ అలవాటే. కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పింది ఇక్కడేనంటారు. కాస్త పక్కకు తిరిగితే ఘంటసాల బౌద్ధ స్తూపం, కూచిపూడి, మొవ్వ. ఒక పూట తొక్కుడులో ఇవన్నీ చుట్టి రావచ్చు.

బందరు–గుడివాడ దారిది ఇంకో రుచి. రోడ్డూ రైలూ కాలువలూ ఒకదాన్నొకటి వదలవు. చిలకలపూడి, పెదన, వడ్లమన్నాడు, కవుతరం, గుడ్లవల్లేరు ఇలా రైలు స్టేషన్ల పేర్లే దారికి గుర్తులు. పెదనలో కలంకారీ గుడ్డలు కాలువలో జాడించి గట్టున ఆరేసే రోజైతే దిగి చూడండి. పారే నీళ్లు లేకపోతే ఆ రంగు తేలదు, అందుకే కాలువ కట్టేసిన రోజుల్లో ఆ పనికి ఇబ్బంది. ఇక 216 నంబరు జాతీయ రహదారి బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన దాటి రేపల్లె వైపు పోతుంది. వెడల్పైంది, నున్ననిది, తొందరగా చేరుస్తుంది. సైకిల్ మీద అంత విసుగు పుట్టించే దారి మన జిల్లాలో ఇంకోటి లేదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ పాయల మధ్య నేలే దివిసీమ. అక్కడి ఆక్విడక్టు మీద పంట కాలువ నది పాయను దాటి సీమలోకి వస్తుంది. కింద నది నీళ్లు సముద్రానికి, పైన అదే నది నీళ్లు పొలాలకు. ఇక్కడి నుంచి కోడూరు వైపు పోయేకొద్దీ కాలువ సన్నబడుతుంది. శివారు భూములంటే ఏమిటో పుస్తకంలో చదివితే తెలియదు. బ్యారేజీ దగ్గర నిండుగా చూసిన నీళ్లు ఇక్కడ తూము అడుగున ఉంటాయి. శివారు రైతు నారు పోసుకోవడానికి ఎందుకంత ఎదురుచూస్తాడో కాలువను తల నుంచి తోక దాకా తొక్కినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. కారులో పోయేవాళ్లకు ఇది కనపడదు.

నేల సంగతి మరవకూడదు. వానాకాలంలో మట్టి గట్టు ఎక్కొద్దు. నల్లమట్టి టైరుకీ మడ్‌గార్డుకీ నడుమ పేరుకుని చక్రాన్ని కదలనివ్వదు. పుల్లతో గీకడం, పది గజాలు నెట్టడం, మళ్లీ గీకడం, ఇదే పని. కోతల్లో ఇంకో తంటా. రోడ్డు సగం ధాన్యం, మినుము కల్లాలే. ఆ గింజల మీంచి బండి పోనిస్తే రైతు తిట్టడం న్యాయమే. గడ్డి చైనుకు చుట్టుకుంటే ఫ్రీవీల్ పట్టేస్తుంది. సన్నటి టైర్లు ఇంట్లో పెట్టి, కనీసం 32 మిల్లీమీటర్ల వెడల్పువి వేసుకోండి. ఫ్రాన్సులో పుట్టిన దూరప్రయాణపు సైకిల్ పద్ధతిలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఇస్తారు. విజయవాడ నుంచి హంసలదీవి వెళ్లి రావడం దాదాపు ఆ లెక్కే. గడువులో చేరొచ్చు గానీ, గుడి, తోట, కాలువ ఏదీ చూడలేరు.

కోడూరు, నాగాయలంక మండలాల్లో తుఫాను షెల్టర్లు కనిపిస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ సీమను ముంచి పదివేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే ఈ కట్టడాలు లేచాయి. ఎండలో వాటి నీడన సైకిల్ ఆపినప్పుడు అక్కడి పెద్దవాళ్లు మాట్లాడితే వినండి. మీరై కదిలించకండి. ఓపికుంటే ఏటిమొగ దగ్గర సైకిల్‌ను పంటు ఎక్కించి ఎదురుమొండి దీవి కూడా చూసి రావచ్చు.

హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దాటాక పాలకాయతిప్ప తీరం. మాఘ పౌర్ణమికి వేలమంది స్నానాలకు వస్తారు. సైకిల్‌కు అది తగిన రోజు కాదు. మిగతా రోజుల్లో ఎక్కడిదాకా వెళ్లనిస్తారో అక్కడున్న సిబ్బందిని అడిగి వెళ్లాలి. చుట్టూ మడ అడవి. ఇసుకలో తొక్కాలంటే టైర్లలో గాలి కొంచెం తీసేయాలి, అదీ ఆటు సమయంలో, నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే. సంగమం దగ్గర నీళ్లలోకి మాత్రం దిగొద్దు, అక్కడి వడి పైకి తెలియదు. తిరుగు దారిలో కోడూరులో చేతిపంపు దొరగ్గానే సైకిల్ ఆపి, చైనూ ఫ్రీవీలూ మంచినీళ్లతో బాగా కడిగి, గుడ్డతో తుడిచి నూనె వేసుకోవాలి. ఉప్పు ఒక్క రాత్రి నిలిచిందా, తెల్లారేసరికి చైను ఎర్రబడుతుంది.